వంద వోల్టుల ఊళ్లో నూకరత్నం బొంగరం

నేను ఒక అడాప్టర్ని. ఆ మాట అనగానే మీలో సగం మంది "ఫోను చార్జరా?" అంటారని నాకు తెలుసు. కాదు. చార్జరు వేరు, నేను వేరు. ఒక దేశపు ప్లగ్గు ఇంకో దేశపు గోడలో దూరనని మొరాయిస్తే, ఆ రెంటి మధ్యా నిలబడి రాజీ కుదిర్చే నల్లటి దిమ్మను నేను. అరచేతిలో పడతాను. ముందు వైపు రకరకాల కన్నాలుంటాయి. పక్కనున్న మీట జరిపితే వెనక నుంచి ఒక దేశపు కాళ్లు బయటికొస్తాయి, ఇంకో మీట జరిపితే ఇంకో దేశపు కాళ్లు. ప్రస్తుతం నా కాపురం జపానులో, ఒక బొమ్మల మ్యూజియం ఆఫీసు గదిలో, టేబులు సొరుగులో. నా పక్కన ఒక స్టాప్లరూ, ఎండిపోయిన జిగురు సీసా ఉన్నాయి. వాటికి తెలుగు రాదు. అందుకని నా గోడు మీకే వినిపించుకుంటున్నాను.

పుట్టింది చైనాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఫ్యాక్టరీలో. నాతో పాటు కొన్ని వేల మంది అన్నదమ్ములు ఒకే అచ్చులోంచి ఊడిపడ్డారు. ఆఖర్న ఒక అమ్మాయి నా కాళ్లన్నీ ఒకసారి బయటికి లాగి, లోపలికి నెట్టి, బాగానే ఉన్నాడన్నట్టు తలూపి పెట్టెలో పడేసింది. పెట్టెలో పడే ముందు నా వీపు మీద ఏవో సన్నటి అక్షరాలు అచ్చు గుద్దారు. ఏం గుద్దారో నాకు తెలియదు. ఎవరి వీపు వాళ్లకు కనపడదు కదా. కొనుక్కున్నవాళ్లకు నా వీపు కనపడుతుంది గానీ, వాళ్లు చదవరు. చదివి ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఒక కొట్లో నన్ను కనకరాజు కొన్నాడు. సరుకు ఓడల్లో పనిచేసే మనిషి. ఓడ ఏ రేవులో ఆగితే ఆ రేవులో దిగి, నావికుల హాస్టల్లో గది తీసుకుని, తన చిన్న రైస్ కుక్కర్లో అన్నం వండుకునేవాడు. ఎన్ని దేశాలు తిరిగినా ఆ కుక్కరు లేనిదే అతనికి ముద్ద దిగదు. ఆ కుక్కరు ప్లగ్గుకేమో మన మూడు గుండు పిన్నులు. ఆ గుండు పిన్నులు ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు వాడినవే. మనకు అవి అలవాటు చేసి, వాళ్లు మాత్రం తర్వాత పలక పిన్నులకు మారిపోయి, ప్లగ్గు కడుపులో ఒక ఫ్యూజు కూడా పెట్టుకున్నారు. మనం ఉన్నవాటితోనే సంసారం చేసుకొస్తున్నాం.

కనకరాజుతో తిరిగిన రోజుల్లో నేను చూడని గోడ లేదు. సింగపూర్లో పలక కన్నాలు. రోటర్‌డామ్‌లో గుండ్రటి గుంటలో రెండు కన్నాలు. ఆస్ట్రేలియాలో కన్నాలు ఏటవాలుగా ఉంటాయి, ఆ గోడ ఎప్పుడూ కనుబొమలు ముడిచి మనవైపు చూస్తున్నట్టే ఉంటుంది. డెన్మార్కులో అయితే సాకెట్టుకు అచ్చం నవ్వుముఖమే. అన్నం మీదా నీళ్ల మీదా ఒక్కమాటకొచ్చిన మనుషులు, గోడలో రెండు చిల్లులు పెట్టే విషయంలో మాత్రం ఎవరి పట్టు వాళ్లదే. వాళ్ల పట్టుదల వల్లే నాకు తిండి దొరుకుతోంది కాబట్టి నేనేమీ అనను. ఎక్కడికెళ్లినా నా కాళ్లు సరిపోయేవి, కుక్కరు ఉడికేది, కనకరాజు తినేవాడు. నాకు పొగరెక్కింది. ఈ ప్రపంచంలో నేను కుదర్చలేని సంబంధం లేదనుకున్నాను.

ఆ పొగరులోనే ఏటికొప్పాక చేరాను. కనకరాజు అక్క నూకరత్నం ఊరు అది. లక్క బొమ్మల ఊరు. సెలవులకు వచ్చిన కనకరాజు సంచిలోంచి నన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అప్పా, ఇది ఎట్టుకో. ఏ దేశంలో గోడకైనా దూరిపోద్ది. నాను తిరిగిన రేవులన్నీ సూసీసిందిది."

అతను అబద్ధం చెప్పలేదు. అతను తిరిగిన రేవులన్నిట్లో కన్నాలు వేరైనా లోపల పారే కరెంటు మన కరెంటుకు అటూ ఇటూగా ఒకటే. అంతకు మించి అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

నూకరత్నానికి నాతో ఏం పని పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను విన్నవీ చూసినవీ కలిపి చెబుతున్నాను. లక్క బొమ్మలు చేసే యంత్రాన్ని తరిమెన అంటారు. అంకుడు కర్ర ముక్కను తరిమెనకు బిగించి, అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు. తర్వాత రంగు లక్క కడ్డీని కర్రకు అదిమి పట్టుకుంటారు. తిరిగే వేగానికి రాపిడి పుట్టి, ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. వేగం లేకపోతే వేడి లేదు, వేడి లేకపోతే లక్క లేదు. మోటార్లు రాకముందు తరిమెనకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగేవారు, ఇంకొకరు ఉలి పట్టేవారు. ఉలి పట్టినవాడు పనివాడు. తాడు లాగిన మనిషి తాడు మనిషి. అంతే, ఇంకో పేరు లేదు.

పెళ్లై అత్తింటికొచ్చిన వారానికే నూకరత్నం చేతికి తాడొచ్చింది. మొగుడు సన్యాసిరావు ఉలి పట్టేవాడు. మంచి పనివాడు, మంచివాడు కూడా. పేరుకే సన్యాసి గానీ సంసారం మీద బోలెడంత మమకారం. కాకపోతే తాడు లాగడం కూడా ఒక పనేనని అతనికి ఎప్పుడూ తోచలేదు. గాలి వీచినట్టు, నీళ్లు పారినట్టు, తాడు దానంతటదే కదులుతుందనుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత ఇంటికి మోటారొచ్చింది. "పోన్లే రత్నం, ఇంక నీ సేతులకి సుకం" అని వీధి వీధంతా అన్నది. నూకరత్నం కూడా అవునవునంటూ తలూపింది.

కానీ ఆవిడకు తట్టింది వేరు. ఇన్నాళ్లూ తను ఉలి పట్టాలంటే తాడెవరు లాగుతారు? మొగుడు లాగడు, అత్తగారు లాగదు. మోటారు మాత్రం ఎదురుగా కూర్చున్నది ఎవరని అడగదు. మధ్యాహ్నం సన్యాసిరావు భోంచేసి చాప మీద వాలగానే, ఆవిడ మోటారు వేసి ఉలి పట్టుకునేది. బొంగరాలు చేసేది. వేళ్లతో తిప్పే చిన్న బొంగరాలు, పసుపుతో ఒక రంగు, నీలిమందుతో ఒకటి, ఎర్రటి జాఫ్రా గింజలతో ఒకటి. ఒకనాడు నిద్ర లేచిన సన్యాసిరావు చాప పక్కన బొంగరం చూసి, తిప్పి చూసి, "అడుగు కొంచెం బరువైపోనాది" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మర్నాడు అడుగు సరిచేసింది. ఆ రకంగా ఇంట్లో అది నడిచిపోయింది. బయటివాళ్లెవరైనా వస్తే మాత్రం తరిమెన దగ్గర అతను కూర్చునేవాడు, ఆవిడ టీ పెట్టడానికి లేచేది. ఎవరూ లెమ్మనలేదు, తనే లేచేది.

అలా లేవకముందే చూసేసింది నోజోమి. జపాను నుంచి లక్క పని నేర్చుకోవడానికొచ్చి, ఆ వీధిలోనే గది అద్దెకు తీసుకుని, రెండు చలికాలాలు ఉండిపోయిన అమ్మాయి. వీధిలో అందరూ నోజమ్మ అన్నారు, ఆ అమ్మాయీ పలికింది. తెలుగు నేర్చుకుంది, అదీ పుస్తకాల తెలుగు కాదు, నూకరత్నం వంటింట్లో మాట్లాడే తెలుగు. తిరిగి వెళ్లాక తను పనిచేసే మ్యూజియంలో బొంగరాల పండగకు పిలుపు పంపింది. పనివారు: నూకరత్నం. సహాయకుడు: సన్యాసిరావు.

ఊళ్లో ఇంక చూడాలి. టీ కొట్టు దగ్గరికెళితే "ఏటి సయాయకా, టీ తాగతావా, ఆవిడిని అడిగొస్తావా?" అని ఆటపట్టించడమే. సన్యాసిరావు నవ్వేసి ఊరుకున్నాడు గానీ లోపల కొంచెం మండింది. అందుకని ఇంటికొచ్చి, "బొంగరం నువ్వు సేసుకో. మోటార్లూ ప్లగ్గులూ నాను సూసుకుంతాను. నీకవి తెలవ్వు" అన్నాడు. నూకరత్నం సరేనంది. అప్పటికి కనకరాజు నన్ను ఆవిడకిచ్చి మళ్లీ ఓడెక్కేశాడు. ఆ సాయంత్రమే తమ్ముడితో ఫోనులో అంటుంటే విన్నాను. "తమ్ముడూ, నాకేటీ అక్కర్లేదు. ఒక్కసారి నలుగురి ముందూ కూకుని, నా సేత్తో సేసి, ఇది నాను సేసినాను అని సెప్పాలనుంది. అంతే." తనకు ఎప్పుడూ ఏదీ కావాలని అడగని మనిషి అలా అంటే నాకు ఏదోలా అయ్యింది.

సన్యాసిరావు ప్రయాణానికని ఒక చిన్న తరిమెన తయారు చేశాడు. కుట్టుమిషను మోటారు, ఒక బెల్టు, సంచిలో పట్టేంత చట్రం. దాన్ని పరీక్షించడానికి ఇంట్లో సాకెట్టు వదులుగా ఉందని, ప్లగ్గు పక్కన అగ్గిపుల్ల కుక్కాడు. నేను చూసి కళ్లు మూసుకున్నాను. ఆ పక్కింట్లో అయితే ప్లగ్గు కూడా ఉండదు, రెండు వైర్ల కొనలు గుచ్చి రెండు అగ్గిపుల్లలు దోపుతారు. అలాంటి చోట నాలాంటి వాడి అవసరమేముంది చెప్పండి. అయినా మోటారు ఝుమ్మని తిరిగింది. సన్యాసిరావు నన్ను తీసి నా కాళ్లన్నీ ఒకటొకటే లాగి చూసి, సంతోషంగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

జపానులో మేం దిగిన ఊరు కొండల మధ్య ఉంది. చెక్కతో కట్టిన మ్యూజియం, బయట చలి, లోపల వెచ్చన. పండగరోజు పొద్దున్నే హాలు నిండిపోయింది. రకరకాల బొంగరాలు, వాటిని చేసేవాళ్లు, చూడవచ్చిన ముసలాళ్లు, కుటుంబాలు. మా బల్ల వెనక గోడకు ఒక బోర్డు కట్టారు. దాని మీద జపాను అక్షరాల్లో నూకరత్నం పేరుందని నోజమ్మ చదివి చెప్పింది. నూకరత్నం ఆ బోర్డుకేసి చాలాసేపు చూసింది. చదవలేకపోయినా చూసింది. పట్టుచీర కొంగు సర్దుకుని, బల్ల ముందు కూర్చుని, ఉలి తీసి ఒళ్లో పెట్టుకుంది.

నా వంతు వచ్చింది. గోడలో రెండు సన్నటి నిలువు చీలికలు. సన్యాసిరావు మీట జరిపాడు, నా పలుచటి కాళ్లు రెండూ బయటికొచ్చాయి, గోడలోకి హాయిగా దూరిపోయాయి. అగ్గిపుల్ల అవసరం లేదు, ఏమీ లేదు. నా ముఖాన మోటారు ప్లగ్గు గుచ్చాడు. అదీ చక్కగా కూర్చుంది. ఇంతకన్నా బాగా కుదిరిన సంబంధం నా జీవితంలో లేదనుకున్నాను. అతను స్విచ్చి వేశాడు.

మోటారు మూలిగింది. లేవాలా వద్దా అని ముసలి ఎద్దు ఆలోచించినట్టు కొంచెంసేపు ఆలోచించి, నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. నూకరత్నం ఉలి ఆనించగానే ఆగిపోయింది. ఉలి తీసేస్తే మళ్లీ తిరిగింది. లక్క కడ్డీ అదిమితే కరగలేదు సరికదా, కర్ర మీద రెండు గీతలు పడ్డాయి. జనం మర్యాదగా చూస్తూ నిలబడ్డారు. నూకరత్నం తలెత్తి మొగుడి వంక చూసింది.

"లో ఓల్టేజీ" అన్నాడు సన్యాసిరావు, ధీమాగా.

ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఏటికొప్పాకలో మోటారు నీరసంగా తిరిగితే దానికి ఒకటే అర్థం. పొలాల్లో బోర్లు వేశారన్నమాట. కాసేపు ఆగాలి, లేదా లైన్‌మేన్‌ని పిలవాలి, లేదా ఫేజు మార్చాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అతను చూసిన కరెంటు అదే. ఈ ఊరి కరెంటు పుట్టుకే వంద వోల్టులని, దానికి ఎవరూ కోత పెట్టలేదని అతనికి తోచే అవకాశమే లేదు.

"నోజమ్మా, ఈ ఊళ్లో బోర్లు ఎప్పుడేస్తారు?" అన్నాడు.

"బోర్లా? ఏం బోర్లు, బావా?"

"పొలాలకి నీల్లెట్టే మోటార్లు. అవి కట్టీసినాక ఓల్టేజీ వస్తాది కదా, మేం ఆగుతాం."

నోజమ్మ పొలాలెక్కడున్నాయా అని కిటికీలోంచి చూసింది. ఈలోగా సన్యాసిరావు హాలంతా కలయజూశాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కరెంటు కెటిలులో టీ నీళ్లు కాస్తోంది. అతను వెళ్లి ఆవిడకు వంగి దణ్ణం పెట్టి, కెటిలు ప్లగ్గు ఊడదీసి, మళ్లీ వంగి దణ్ణం పెట్టాడు. ఆవిడా వంగింది. అవతలి బల్ల మీది దీపం ఆర్పాడు. వాళ్లూ వంగారు. జపానువాళ్లకు మర్యాద ఎక్కువ కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. అతను వెనక్కొచ్చి మళ్లీ స్విచ్చి వేశాడు. మోటారు అంతే మూలిగింది. అతను తలెత్తి చూరుకేసి చూశాడు. ట్యూబులైట్లు ధగధగా వెలుగుతున్నాయి.

"ఇదేటే, లైట్లు బాగానే ఎలగతన్నాయి. ఓ ఫేజు పోయినట్టుంది" అన్నాడు. గొంతులో ధీమా తగ్గింది.

నాకు మాటలొస్తే చెప్పేవాణ్ని. అసలు అప్పటికి నాకూ సంగతి తెలిస్తే కదా. చివరికి నోజమ్మ వెళ్లి మ్యూజియం కరెంటు పనులు చూసే పెద్దమనిషిని పిలుచుకొచ్చింది. ఆయన మోటారు చూశాడు, నన్ను గోడలోంచి పీకాడు, వెల్లకిలా తిప్పి, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని నా వీపు చదివాడు. జన్మలో మొదటిసారి ఎవరో నా వీపు చదివారు. సిగ్గేసింది.

నోజమ్మ చెప్పింది. "అప్పా, ఇక్కడి కరెంటు వందంట. మీ మోటారుకి రెండొందల ముప్పై కావాలంట. ఈ అడాప్టరు కాళ్లు మారుస్తాదంట గానీ, కరెంటు మార్చదంట. ఈపు మీదే రాసుందంట."

అందరూ నావైపు చూశారు. నేనెటు చూడాలో తెలియలేదు. ఇన్ని దేశాల గోడలెక్కి, అన్నిచోట్లా కనకరాజుకు అన్నం వండిపెట్టి, నా వీపు మీద నా గురించి రాసిన ముక్క నాకే తెలియలేదంటే ఎంత తలవంపులు.

కరెంటు పెంచే ట్రాన్స్‌ఫార్మరు ఉందట గానీ, పట్నం నుంచి రేపు సాయంత్రానికి వస్తుందట. పండగ ఇవాళే. నోజమ్మ ముఖం చిన్నబోయింది. నూకరత్నం ఉలిని రెండు చేతులతో పట్టుకుని, నేలకేసి చూస్తూ కూర్చుంది. సన్యాసిరావు ఒక నిమిషం తల గోక్కుని, చటుక్కున మా సంచి దగ్గరికెళ్లి దానికి కట్టిన నూలు తాడు విప్పుకొచ్చాడు.

"మోటారు లేకపోతే ఏటిప్పుడు? తాడు లేదా? లే రత్నం, అటు కూకో."

బెల్టు తీసేశాడు. కర్ర తిరిగే ఇరుసుకు తాడు చుట్టాడు. ఆవిడ చేతిలో ఉలి తీసుకుని, ఉలి పట్టేవైపు తను కూర్చుని, తాడు రెండు కొనలూ పెళ్లాం వైపు వేశాడు. అతని మనసులో ఏమీ లేదు, ఒట్టు. అలవాటు, అంతే. ఎక్కడ కూర్చోవాలో అతని ఒంటికి తెలుసు, అక్కడ కూర్చున్నాడు. ఎటు వెళ్లాలో ఆవిడ ఒంటికీ తెలుసు. లేచి అటు వెళ్లి తాడు కొనలు అందుకుంది. ఆ చేతుల్లో తాడు ఇట్టే ఇమిడిపోయింది. సమస్య తీరిందని నోజమ్మ కూడా చప్పట్లు కొట్టబోయింది.

నూకరత్నం తాడు లాగలేదు. పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆవిడ తల వెనకే బోర్డు మీద ఆవిడ పేరు.

"మావా, లే" అంది.

"ఏటే?"

"ఉలి నాకియ్యి. తాడు నువ్వు లాగు."

"నానా? నానెప్పుడు లాగినానే? నాకు రాదు."

"నాకూ ఉలి రాదనే అన్నారందరూ. వొచ్చింది కాదేటి? ఇంత దూరం వొచ్చి, ఇందరి ముందూ మల్లా తాడట్టుకుని నిలబడితే, ఇంటికెల్లి అద్దంలో నా మొకం నాను సూసుకోలేను మావా. నువ్వు మంచోడివే, నిన్నేటీ అన్ను. కానీ ఈ ఒక్కరోజూ నువ్వు లాగు."

హాల్లో వందమంది ఉన్నారు. ఆ మాటలు అర్థమైంది ఒక్క నోజమ్మకే. పక్కవాళ్లు ఏమందని అడిగితే ఆ అమ్మాయి తలడ్డంగా ఊపింది గానీ తర్జుమా చేయలేదు. సన్యాసిరావు చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ చూసే ముఖమే, కానీ అలా ఎప్పుడూ చూడలేదనుకుంటాను. మెల్లగా లేచి, ఉలి ఆవిడ చేతికిచ్చి, అవతలికెళ్లి తాడు పట్టుకున్నాడు.

లాగాడు. అబ్బో, ఆ లాగుడు చూడాలి. బావిలోంచి చేదను ఒక్క ఊపున పైకి గుంజినట్టు గుంజాడు. కర్ర ముక్క ఊడి, ఎగిరి, టీ కాసే పెద్దావిడ బల్ల మీద పడింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో భద్రంగా తెచ్చిచ్చి వంగింది. జనం నవ్వారు. సన్యాసిరావు రెండోసారి భయంభయంగా లాగాడు. కర్ర సగం తిరిగి ఆగింది. మూడోసారి ఒక చేయి ఎక్కువ, ఒక చేయి తక్కువ, ఉలి దెబ్బకు కర్ర మీద గాటు పడింది. చలిదేశంలో అతనికి చెమట పట్టింది.

"గట్టిగా కాదు" అంది నూకరత్నం. "సమానంగా. రెండు సేతులకీ ఒకటే బరువు. తాడుకేసి సూడకు."

"మరెక్కడ సూడాలే?"

"నాకేసి. నాను ఊపిరి పీల్చినప్పుడు నువ్వు అటు లాగు, ఒగ్గినప్పుడు ఇటు లాగు. నాను నీ ఊపిరి సూసే లాగేదాన్ని, అన్నేల్లూ."

సన్యాసిరావు చేతులు ఆగిపోయాయి. తను ఉలి పట్టిన అన్నేళ్లూ ఎదురుగా ఒక మనిషి తన ఊపిరి చూస్తూ కూర్చుందని అతనికి ఇవాళ తెలిసింది. ఏదో అనబోయాడు. "తరవాత సెబుదువు గానీ, లాగు" అంది ఆవిడ. లాగాడు.

ఈసారి కర్ర తిరిగింది. ఒకసారి తడబడింది, రెండోసారి సర్దుకుంది, ఆ తర్వాత కుదురుకుంది. ఉలి కింద నుంచి అంకుడు పొట్టు తెల్లగా, సన్నగా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. బొంగరం నడుము వచ్చింది, మొన వచ్చింది. నూకరత్నం పసుపు కడ్డీ అదిమింది. లక్క కరిగింది. ఆ వాసన హాలంతా పాకింది. తర్వాత నీలం, తర్వాత ఎరుపు. మొగలి ఆకు మడిచి పట్టుకుని రుద్దితే బొంగరం తళతళలాడింది. గోడ పక్కన బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న నేను నా పరువుపోయిన సంగతి కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. వాళ్లిద్దరి మధ్యా ఏ అడాప్టరూ లేదు.

ఆవిడ బొంగరాన్ని బల్ల మీద పెట్టి వేళ్లతో తిప్పింది. కొంచెం ఊగింది. అయ్యో అనుకున్నాను. ఆ ఊగడం తగ్గి, తగ్గి, ఉన్నచోటే నిలబడింది. ఎంత నిలకడగా నిలబడిందంటే, తిరుగుతోందో లేదో తెలియలేదు. అది వాలిపోయాక చప్పట్లు మొదలయ్యాయి. నూకరత్నం లేచి నిలబడి, తెలుగులోనే, "ఇది నాను సేసినాను" అంది. నోజమ్మ దాన్ని మాత్రం వెంటనే తర్జుమా చేసింది. కళ్లు తుడుచుకుంటూ చేసింది.

తర్వాత, అప్పుడే హాల్లో అడుగుపెట్టిన ఒక ముసలాయన కెమెరా పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. పనివాణ్ని ఫొటో తీసుకుంటానన్నాడు. బొమ్మలు చేసే మనిషంటే ఆయన కళ్లకు మగవాడే ఆనినట్టుంది, ఉలి తీసి సన్యాసిరావు చేతిలో పెట్టి సరిగ్గా నిలబడమని సైగ చేశాడు. సన్యాసిరావు ఉలి వంక చూశాడు. నవ్వేశాడు. దాన్ని పెళ్లాం చేతికిచ్చి, ఆవిణ్ని ముందుకు తోసి, "నాను తాడు మనిసినండి" అన్నాడు. ముసలాయనకు ఆ మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమై, ఇద్దరినీ కలిపి తీశాడు.

హాలు ఖాళీ అయ్యాక సన్యాసిరావు అరచేతులు తెరిచి చూసుకున్నాడు. రెంటి మీదా బొబ్బలు.

"ఒక్క పూటకే ఇలగయ్యింది. అన్నేల్లు ఎలగ లాగినావే?" అన్నాడు.

"నువ్వెప్పుడూ అడగలేదు" అంది నూకరత్నం. అని, అతని చేతులు ఒళ్లోకి తీసుకుని కొబ్బరినూనె రాసింది.

వాళ్లు వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. నన్ను బల్ల మీదే వదిలేశారు. ఇందులో నేను నొచ్చుకునేదేమీ లేదు. ఊళ్లు తిరిగేవాళ్లు సబ్బుపెట్టె మర్చిపోరు, దువ్వెన మర్చిపోరు, మమ్మల్నే మర్చిపోతారు. ఏ దేశపు హోటలు సొరుగు తీసి చూసినా మా వాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు. నోజమ్మ నన్ను తుడిచి ఈ సొరుగులో పెట్టింది. ఎప్పుడైనా ఇంగ్లీషువాళ్లో ఆస్ట్రేలియావాళ్లో మ్యూజియం చూడడానికొచ్చి, ఫోను చచ్చిపోయిందంటే నన్ను బయటికి తీస్తుంది. తీసిన ప్రతిసారీ ముందు నా వీపు చదువుతుంది. చదవనిదే గోడలో పెట్టదు. నాకూ అదే నయమనిపిస్తోంది.

మొన్న ఈ బల్ల మీదే ఫోనులో ఏటికొప్పాక పలికింది. సొరుగు కొంచెం తెరిచే ఉంది, అంతా విన్నాను. నూకరత్నం గొంతు హుషారుగా ఉంది. వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉలి పట్టారట. టీ కొట్టు దగ్గర సన్యాసిరావుని సహాయకా అంటే ఇప్పుడు తలెత్తి పలుకుతున్నాడట.

"బావేం చేస్తన్నాడప్పా?" అంది నోజమ్మ.

"ఇక్కడే ఉన్నాడు. బొంగరానికి తాడు లాగతన్నాడు."

"అయ్యో, కరెంటు పోయిందా?"

"లేదే" అంది నూకరత్నం. "ఉంది."